అంబేద్కర్ రాజకీయ చింతన: నాయకత్వం, కర్తవ్యం, జాతీయాదర్శం

భీమ్‌రావ్ రామ్‌జీ అంబేద్కర్ (1891 ఏప్రిల్ 14 – 1956 డిసెంబరు 6) న్యాయవాది, ఆర్థికవేత్త, రాజ్యాంగ ముసాయిదా సంఘం అధ్యక్షుడు, స్వతంత్ర భారతదేశపు తొలి న్యాయశాఖ మంత్రి. రాజ్యాంగ నిర్మాతగా ఆయన పేరు తెలియని తెలుగువారు ఉండరు. నాయకుడు ఎవరికి జవాబుదారీ, పౌరుడి కర్తవ్యం ఎక్కడ మొదలవుతుంది, ఒక జనసముదాయం జాతి అనిపించుకోవాలంటే ఏం కావాలి అన్న ప్రశ్నలపై ఆయన చెప్పినవి మాత్రం అంతగా చర్చకు రాలేదు. ఈ విషయాల మీద ఆయన విడిగా ఒక సిద్ధాంత గ్రంథం రాయలేదు. స్మారకోపన్యాసాల్లో, చట్టసభల చర్చల్లో, రాజీనామా ప్రకటనలో ఆ భావాలు చెదిరి ఉన్నాయి. వాటిని ఒకచోట పెట్టి చదివితే అన్నిటికీ మూలంగా ఒకే పట్టుదల కనిపిస్తుంది: అధికారం ఉన్నవాడి విలువ తేల్చవలసింది అది లేనివాడి వైపు నుంచి.

నేపథ్యం

మధ్యభారతంలోని మౌ సైనిక పట్టణంలో, మహర్ కులానికి చెందిన సైనిక కుటుంబంలో అంబేద్కర్ పుట్టారు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన విద్యార్థి వేతనంతో 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడి గురువుల్లో తత్త్వవేత్త జాన్ డ్యూయీ ప్రభావం చివరిదాకా నిలిచింది. ప్రజాస్వామ్యం ప్రభుత్వాన్ని నడిపే ఒక విధానం మాత్రమే కాదని, మనుషులు కలిసి బతికే పద్ధతి అని డ్యూయీ చెప్పిన మాట అంబేద్కర్ రచనల్లో పదే పదే వినిపిస్తుంది. ఆ తరువాత లండన్‌లో రూపాయి సమస్యపై పరిశోధన చేసి 1923లో డాక్టరేటు పొందారు. గ్రేస్ ఇన్‌లో బారిస్టరయ్యారు. రాజకీయ హక్కుల గురించి మొదటిసారి అధికారికంగా మాట్లాడింది 1919లో, ఓటు హక్కును పరిశీలించిన సౌత్‌బరో సంఘం ముందు. 1928లో సైమన్ కమిషన్ ముందు వయోజనులందరికీ ఓటు హక్కు కావాలని కోరారు. చదువూ ఆస్తీ ఉన్నవారికే ఓటు అన్న నియమం అందరికీ సహజంగా తోచిన రోజులవి.

మహద్: హక్కు కోసం, చట్టం లోపల

1923లో బొంబాయి శాసనమండలి ప్రజాధనంతో నడిచే చెరువులు, బావులు, బడులు అంటరానివారికి కూడా తెరిచి ఉండాలని తీర్మానించింది. మరుసటి ఏడాది కొలాబా జిల్లా మహద్ పురపాలక సంఘం ఆ తీర్మానాన్ని తన చవదార్ చెరువుకు వర్తింపజేసింది. కాగితం మీద హక్కు వచ్చింది గానీ ఆ చెరువులో దళితులు చేయి పెట్టే ధైర్యం చేయలేని పరిస్థితి మారలేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేల మందితో కలిసి నడిచి వెళ్ళి ఆ నీళ్ళు తాగారు. దానికి ప్రతీకారంగా దాడులు జరిగాయి.

అదే ఏడాది డిసెంబరులో జరిగిన రెండో సమావేశాన్ని చరిత్రకారులు మనుస్మృతి దహనంతో గుర్తుంచుకుంటారు. నాయకత్వం గురించి ఆలోచించేవారికి ఆ సమావేశంలో జరిగిన ఇంకొక నిర్ణయం కూడా అంతే ముఖ్యం. ఊరి సవర్ణులు చెరువు తమ ప్రైవేటు ఆస్తి అంటూ కోర్టుకు వెళ్ళి తాత్కాలిక నిషేధాజ్ఞ తెచ్చుకున్నారు. చెరువుకు వెళ్ళడానికే వేల మంది వచ్చి కూర్చున్నారు. ఆ జనంతో అంబేద్కర్ మాట్లాడి, కోర్టు ఆజ్ఞను ధిక్కరించకుండా ఆపారు. కేసు పదేళ్ళు నడిచి 1937లో బొంబాయి హైకోర్టులో దళితుల పక్షాన తేలింది. ఆవేశంతో ఉన్న సొంత జనానికి ఇష్టం లేని మాట చెప్పి ఒప్పించడం ఉద్యమ నాయకులకు కష్టమైన పని. తరువాతి రోజుల్లో ఆయన రాజ్యాంగ మార్గాల గురించి చెప్పినదానికి ఈ అనుభవం పునాది.

మహాపురుషుడెవరు? 1943 పూణే ఉపన్యాసం

నాయకత్వంపై అంబేద్కర్ అన్నిటికంటే విస్తారంగా మాట్లాడింది 1943 జనవరి 18న, పూణేలోని గోఖలే స్మారక మందిరంలో. సందర్భం సంఘ సంస్కర్త, న్యాయమూర్తి మహాదేవ గోవింద రానడే 101వ జయంతి. ఆ ఉపన్యాసం అదే ఏడాది ‘రానడే, గాంధీ, జిన్నా’ పేరుతో పుస్తకంగా వచ్చింది.

చరిత్రను నడిపేది మహాపురుషులా, పరిస్థితులా అన్న పాత వాదంతో ఆయన మొదలుపెట్టారు. పరిస్థితుల బలాన్ని ఒప్పుకుంటూనే, మనిషి పాత్రను కొట్టిపారేయడానికి నిరాకరించారు. ఆ తరువాత మహాపురుషుడికి కొలతలు వెతికారు. బ్రిటిష్ రచయిత కార్లైల్ నిజాయితీని ముందు పెట్టాడు. నిజాయితీ లేనిదే గొప్పతనం లేదని అంబేద్కర్ అంగీకరించారు గానీ అదొక్కటే చాలదన్నారు, ఎందుకంటే నిజాయితీగల మూర్ఖుడూ ఉండవచ్చు. నిజాయితీకి మేధ తోడైతే మనిషి ప్రముఖుడవుతాడు. మహాపురుషుడు కావాలంటే మూడోది కావాలి. సామాజిక ప్రయోజనం అతన్ని నడిపించాలి, సమాజంలోని మురికిని కడిగే పనికి అతను పూనుకోవాలి. ప్రముఖుడికీ మహాపురుషుడికీ మధ్య ఆయన గీసిన ఈ గీతే ఉపన్యాసానికి కీలకం. ఎన్నికల్లో గెలిచినవాడు, ఉద్యమాన్ని నడిపినవాడు, రాజ్యం స్థాపించినవాడు ప్రముఖుల జాబితాలోకి సులభంగా వస్తారు. రెండో జాబితాలో చేరాలంటే తన వాళ్ళకే నచ్చని సంస్కరణను నెత్తిన వేసుకోవాలి.

రానడే ఆ పని చేశారని అంబేద్కర్ అభిప్రాయం. 1887లో మొదలైన సాంఘిక సంస్కరణ మహాసభ కాంగ్రెసు పందిట్లోనే సమావేశమయ్యేది. 1895 పూణే కాంగ్రెసు నాటికి సంప్రదాయవాదుల ఒత్తిడితో దానికి ఆ పందిరి దక్కలేదు. స్వరాజ్యం ముందా, సంఘ సంస్కరణ ముందా అన్న ఆ పోరులో రానడే పక్షం ఓడిపోయింది. ఓడిన పక్షాన్ని ఎంచుకుని దాన్ని గొప్పదని చెప్పడం ఆనాడు పూణేలో తేలిక కాదు, ఎందుకంటే అది స్వరాజ్యమే ముందన్న తిలక్ నగరం.

రాజకీయ బేరసారాల విషయంలో కూడా రానడే నుంచి ఆయన ఒక పాఠం తీసుకున్నారు. ఎదుటివాడు ఇస్తానన్నది తక్కువే కావచ్చు. అంతకంటే ఎక్కువ ఇప్పించే బలం మన దగ్గర లేదని తెలిసినప్పుడు దాన్ని కాదనడం తెలివి కాదు. ఇచ్చినదానితో తృప్తి పడమని దీని అర్థం కాదు. 1932 సెప్టెంబరు 24న పూణే ఒప్పందంపై సంతకం చేసి దళితుల ప్రత్యేక నియోజకవర్గాలను వదులుకున్న మనిషి ఈ మాట చెప్పడంలో ఎంత అనుభవం, ఎంత బాధ ఉన్నాయో చదువరికి అర్థమవుతుంది.

ఉపన్యాసంలో కలకలం రేపిన భాగం గాంధీ, జిన్నాలపై విమర్శ. ఇద్దరి అహంకారం దేశ రాజకీయాలను కదలకుండా చేసిందని, ఒకప్పుడు వృత్తిగా ఉన్న పత్రికారచన వ్యాపారంగా మారి నాయకులను దేవుళ్ళను చేసే పనిలో పడిందని ఆయన నిష్ఠూరంగా అన్నారు. పత్రికలు మండిపడ్డాయి. పుస్తకానికి రాసిన ముందుమాటలో ఆయన ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోలేదు. తాను విగ్రహాలను పూజించేవాడిని కాదని, అన్యాయాన్నీ ఆడంబరాన్నీ అవి ఎవరిలో ఉన్నా ద్వేషిస్తానని స్పష్టం చేశారు. వీరుణ్ణి మెచ్చుకోవడం వేరు, అతను చెప్పినదల్లా చేయడం వేరు అన్న విచక్షణ కూడా ఈ ఉపన్యాసంలోదే. మొదటిదానిలో తప్పు లేదు. రెండోది మనిషి బుద్ధిని హరిస్తుంది.

భక్తి గురించి హెచ్చరిక

ఆరేళ్ళ తరువాత, 1949 నవంబరు 25న, రాజ్యాంగ పరిషత్తులో చివరి ప్రసంగంలో ఆయన ఇదే విషయాన్ని దేశం మొత్తానికి చెప్పారు. రాజ్యాంగం ఆమోదం పొందడానికి అది ముందురోజు. ఎంత గొప్పవాడైనా సరే ఒక మనిషి పాదాల దగ్గర స్వేచ్ఛను పెట్టవద్దన్న జాన్ స్టూవర్ట్ మిల్ హెచ్చరికను, కృతజ్ఞతకు కూడా హద్దు ఉండాలన్న ఐర్లండ్ దేశభక్తుడు డేనియల్ ఓ'కానెల్ మాటను ఆధారంగా తీసుకున్నారు. మిగతా దేశాలకంటే భారతదేశానికి ఈ హెచ్చరిక ఎక్కువ అవసరమని ఆయన నమ్మకం. మతంలో భక్తి ఆత్మకు మోక్షమార్గం కావచ్చు, రాజకీయాల్లో అది పతనానికీ ఆఖరికి నియంతృత్వానికీ దారి అని ఆయన నిర్ధారణ. నెహ్రూ, పటేల్ ఇద్దరూ సభలో ఉన్న కాలంలో, గాంధీ హత్య జరిగి రెండేళ్ళు నిండకముందు, తాను మంత్రివర్గంలో ఉండగానే ఆయన ఈ మాటలన్నారు.

ఇప్పుడు హైదరాబాదులోనూ విజయవాడలోనూ 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాలు ఉన్నాయి. వాటిని చూసి ఆత్మగౌరవం పొందిన లక్షల మంది భావన నిజమైనది, న్యాయమైనది. ఆ గౌరవానికి ఆయన అడిగిన రూపం మాత్రం చదవడం, ప్రశ్నించడం.

అదే ప్రసంగంలో ఆయన సత్యాగ్రహం, సహాయ నిరాకరణ, శాసనోల్లంఘన ఇక వద్దన్నారు. వాటిని అరాచకానికి వ్యాకరణంగా వర్ణించారు. మహద్‌లో, 1930లో నాసిక్ కాలారామ్ ఆలయం దగ్గర సత్యాగ్రహం నడిపిన మనిషే ఇలా అనడం వైరుధ్యమని కొందరి విమర్శ. ఆయన వాదంలో షరతు ఉంది: రాజ్యాంగబద్ధమైన దారి లేనప్పుడు ఆ పద్ధతులకు సమర్థన ఉంది, ఆ దారి తెరుచుకున్నాక లేదు. ఓటుతో ప్రభుత్వాన్ని మార్చగల దేశంలో కూడా కొందరికి కోర్టు మెట్లు, శాసనసభ తలుపులు అందకపోతే ఏం చేయాలన్న ప్రశ్నకు ఆ ప్రసంగంలో సమాధానం లేదు. ఆ లోటును ఒప్పుకోవాలి.

రాజ్యాంగ నైతికత

1948 నవంబరు 4న ముసాయిదా రాజ్యాంగాన్ని సభ ముందు పెడుతూ అంబేద్కర్ గ్రీసు చరిత్ర రాసిన ఇంగ్లీషు చరిత్రకారుడు జార్జ్ గ్రోట్ భావన ఒకదాన్ని చర్చలోకి తెచ్చారు. రాజ్యాంగ రూపాల పట్ల గౌరవం, వాటి ప్రకారం నడిచే అధికారులకు విధేయత, ఆ అధికారులను నిర్మొహమాటంగా విమర్శించే స్వేచ్ఛ, ప్రత్యర్థికి కూడా రాజ్యాంగం తనకెంత పవిత్రమో అంతే పవిత్రమన్న నమ్మకం, ఇవన్నీ ఒకే మనసులో కలిసి ఉండటం రాజ్యాంగ నైతికత. ఇది పుట్టుకతో వచ్చే గుణం కాదని, సాధనతో అలవరచుకోవాలని, మన ప్రజలు దాన్ని ఇంకా నేర్చుకోవలసి ఉందని ఆయన చెప్పారు. స్వభావతః ప్రజాస్వామికం కాని నేల మీద ప్రజాస్వామ్యం పైపైన చల్లిన ఎరువు మాత్రమేనన్నది ఆయన అంచనా. పరిపాలనకు సంబంధించిన చిన్న చిన్న వివరాలను కూడా రాజ్యాంగంలోకి ఎందుకు ఎక్కించారన్న విమర్శకు ఇదే జవాబు. రాజ్యాంగంలో ఒక్క అక్షరం మార్చకుండా, కేవలం పాలనా పద్ధతులను మార్చి దాని ఆత్మను చంపవచ్చని ఆయనకు తెలుసు.

1952 డిసెంబరు 22న పూణే న్యాయవాదుల మధ్య ఇదే ఆలోచనను ఆయన మరింత విడమరిచారు. ప్రజల ఆర్థిక, సామాజిక జీవితంలో విప్లవాత్మక మార్పులను రక్తపాతం లేకుండా తేగలిగే పాలనా పద్ధతి ప్రజాస్వామ్యమని అక్కడ నిర్వచించారు. అది నిలవాలంటే కావలసినవేమిటో కూడా చెప్పారు. ఘోరమైన అసమానతలు ఉండకూడదు. ప్రతిపక్షం ఉండాలి, అది బలంగా ఉండాలి. చట్టం ముందే కాదు, పాలనలో కూడా అందరూ సమానం కావాలి. అధిక సంఖ్యాకులు అల్పసంఖ్యాకులను అణచకూడదు. రాజ్యాంగ నైతికతకు ఆయన ఇచ్చిన ఉదాహరణ జార్జ్ వాషింగ్టన్. ప్రజలు దేవుడిలా కొలిచిన ఆ మనిషి, వంశపారంపర్య రాజు వద్దనుకునే కదా ఈ రాజ్యాంగం రాసుకున్నాం అని గుర్తుచేసి పదవి నుంచి తప్పుకున్నాడు.

చివరి షరతు ప్రజా అంతరాత్మ. అన్యాయం ఎవరికి జరిగినా, తనకు జరగకపోయినా, బాధితుడి పక్కన నిలబడే గుణం అది. దళితుల మీద దౌర్జన్యం జరిగినప్పుడు దళితులే గొంతు విప్పవలసి వస్తున్నదంటే ఆ గుణం లేదని అర్థం. అందరూ చూస్తూ ఊరుకుంటే బాధితుల్లో తిరుగుబాటు బుద్ధి పెరుగుతుందని, దానితో ప్రజాస్వామ్యానికే ముప్పని ఆయన హెచ్చరించారు.

కర్తవ్యం: దేశమా, జనమా?

అంబేద్కర్ దేశభక్తిని శంకించినవారు ఆయన జీవితకాలంలోనే ఉన్నారు. 1938లో బొంబాయి శాసనసభలో కర్ణాటక ప్రత్యేక రాష్ట్ర చర్చలో ఆయన, ప్రజలు మొదటా చివరా భారతీయులుగానే ఉండాలని, మరే విధేయతా దానితో పోటీ పడకూడదని అన్నారు. మరుసటి ఏడాది అక్టోబరులో, యుద్ధంపై జరిగిన చర్చలో, తన ప్రయోజనానికీ దేశానికీ మధ్య ఎంచుకోవలసి వస్తే దేశానిదే పైచేయి, దేశానికీ అణగారిన జనానికీ మధ్య ఎంచుకోవలసి వస్తే ఆ జనానిదే పైచేయి అని అదే సభలో ప్రకటించారు.

ఈ రెండు ప్రకటనలూ ఢీకొంటున్నాయని పైకి అనిపిస్తుంది. మొదటిది కోరిక, రెండోది షరతు అనుకుంటే రెండూ ఇముడుతాయి. తన జనంలో కోట్ల మందిని బావి దగ్గరకు రానివ్వని దేశం వాళ్ళ దగ్గర విధేయత అడిగే ముందు తన బాకీ తీర్చాలి. ఆ బాకీ తీర్చడం మొదలుపెట్టినప్పుడు ఆయన వెనుకాడలేదు. 1946 డిసెంబరు 17న రాజ్యాంగ పరిషత్తులో మొదటి ప్రసంగం చేస్తూ, ఈ దేశం పోరాడుకునే శిబిరాలుగా చీలి ఉందని, తాను కూడా అటువంటి ఒక శిబిరానికి నాయకుణ్ణేనని ఒప్పుకున్నారు. అయినా కాలం కలిసివస్తే దేశం ఒక్కటి కాకుండా ఏదీ ఆపలేదన్నారు. దశాబ్దాలుగా ఆయనతో తలపడిన కాంగ్రెసు సభ్యులు కరతాళ ధ్వనులు చేశారు. 1947లో నెహ్రూ మంత్రివర్గంలో చేరడం, ఆగస్టు 29న ముసాయిదా సంఘంలోకి రావడం ఆ దారిలోనివే.

అంతకుముందు 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్నారు. ఆ పదవీకాలం చివర వచ్చిన 1946 కర్మాగారాల సవరణ చట్టం పనివారాన్ని 48 గంటలకు తగ్గించింది. దామోదర్ లోయ పథకానికి రూపకల్పన కూడా ఆ రోజుల్లోనే జరిగింది.

పదవిలో ఉండటం ఎంత కర్తవ్యమో, వదలడమూ అంతేనని 1951లో చూపించారు. హిందూ సంహిత బిల్లు స్త్రీలకు ఆస్తి హక్కు, విడాకుల హక్కు ఇవ్వడానికి ఉద్దేశించినది. వర్గాల మధ్య, స్త్రీ పురుషుల మధ్య అసమానతను అలాగే ఉంచి ఆర్థిక చట్టాలు చేయడం వ్యర్థమని ఆయన దృఢాభిప్రాయం. బిల్లు ముందుకు సాగకపోవడంతో సెప్టెంబరు 27న రాజీనామా ఇచ్చారు. వెనుకబడిన వర్గాల పట్ల ప్రభుత్వ వైఖరి, విదేశాంగ విధానం కూడా కారణాల్లో ఉన్నాయి. అక్టోబరులో పార్లమెంటులో ప్రకటన చదవబోతే, ప్రతిని ముందుగా ఇవ్వాలన్న షరతు వచ్చింది. సభ నుంచి వాకౌట్ చేసి ఆ ప్రకటనను పత్రికలకు ఇచ్చారు. 1952 సార్వత్రిక ఎన్నికల్లో ఓడిపోయారు. 1954 భండారా ఉప ఎన్నికలోనూ ఓడారు. ఆ బిల్లులోని ప్రధాన భాగాలు 1955, 1956 సంవత్సరాల్లో నాలుగు చట్టాలుగా వచ్చాయి.

జాతి ఇంకా తయారు కావాలి

నెహ్రూ 1946లో ప్రతిపాదించిన లక్ష్యాల తీర్మానంలో సౌభ్రాతృత్వం ప్రస్తావన లేదు. పీఠికలో దాన్ని చేర్చింది అంబేద్కర్ అధ్యక్షతన పనిచేసిన ముసాయిదా సంఘం. స్వేచ్ఛను, సమానత్వాన్ని కోర్టులు కాపాడగలవు. పక్కవాడు తనవాడే అన్న భావన లేకపోతే ఆ రెండూ పైపూతగానే మిగులుతాయని 1949 ప్రసంగంలో ఆయన వివరించారు. 1950 జనవరి 26 నుంచి రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, ఒక ఓటుకు ఒక విలువ అమలవుతాయి. సామాజిక, ఆర్థిక జీవితంలో మాత్రం ఆ సమానత్వం ఉండదు. ఈ వైరుధ్యాన్ని త్వరగా తొలగించకపోతే బాధితులు ప్రజాస్వామ్య సౌధాన్నే కూల్చివేస్తారని ఆయన భయం.

అదే సందర్భంలో అమెరికాలో జరిగిన ఒక సంగతి చెప్పారు. అక్కడి ఎపిస్కోపల్ చర్చి ప్రార్థనలో తమను ఒక జాతిగా పేర్కొంటూ వాక్యం పెడితే, అమెరికన్లే అభ్యంతరం చెప్పి సంయుక్త రాష్ట్రాలు అని మార్పించారు. అమెరికన్లకే తాము ఒక జాతి అనిపించనప్పుడు, వేలాది కులాలుగా చీలిన మనం ఇప్పటికే జాతి అయిపోయామనుకోవడం భ్రమ అని ఆయన వాదం. కులాలు సామాజిక జీవితంలో వేర్పాటును, పరస్పర ద్వేషాన్ని పెంచుతాయి కాబట్టి అవి జాతి వ్యతిరేకమైనవని తేల్చారు. కులాన్ని సమర్థిస్తూ జాతీయత గురించి మాట్లాడేవారికి ఇంతకంటే సూటి జవాబు భారత రాజకీయ సాహిత్యంలో కనబడదు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్న మూడు ఆదర్శాలను తాను ఫ్రెంచి విప్లవం నుంచి కాక బుద్ధుడి నుంచి తీసుకున్నానని 1954 అక్టోబరు 3న ఆకాశవాణి ప్రసంగంలో ప్రకటించారు. 1956 అక్టోబరు 14న నాగపూరులో బౌద్ధం స్వీకరించారు.

గ్రామం, ఆంధ్ర, హైదరాబాదు

గ్రామాన్ని స్థానికత్వపు మురికిగుంటగా, అజ్ఞానపు నెలవుగా 1948లో ఆయన వర్ణించడం చాలామందికి గుచ్చుకుంది. రాజ్యాంగం గ్రామాన్ని కాక వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషించారు కూడా. ఆచార్య ఎన్.జి. రంగా ఈ మాటలకు తీవ్రంగా బాధపడ్డారు. టంగుటూరి ప్రకాశం గ్రామ పంచాయతీల తరఫున గట్టిగా మాట్లాడారు. చివరకు పంచాయతీల ప్రస్తావన 40వ అధికరణంగా ఆదేశిక సూత్రాల్లో చేరింది, అంబేద్కర్ దానికి అడ్డు చెప్పలేదు. ఊరి చరిత్రను రంగా రైతు ముంగిటి నుంచి చూశారు, అంబేద్కర్ వెలివాడ నుంచి చూశారు. ఇద్దరూ చూసింది నిజమే, కానీ వెలివాడ నుంచి కనిపించిన నిజాన్ని అప్పటిదాకా ఏ సభా వినలేదు.

ఆయన మాటల్లో అన్నిటికంటే ఎక్కువగా వక్రీకరణకు గురైనది తెలుగు రాష్ట్రంతోనే ముడిపడి ఉంది. 1953 సెప్టెంబరు 2న రాజ్యసభలో ఆంధ్ర రాష్ట్ర బిల్లుపై చర్చ. అల్పసంఖ్యాకులను కాపాడే అధికారాలు గవర్నరుకు ఉండాలని ఆయన వాదించారు. రాజ్యాంగం రాసింది మీరే కదా అని సభలో ఎత్తిపొడవగా, దాన్ని తగలబెట్టడానికి తానే ముందుంటానన్నారు. 1955 మార్చి 19న అడిగితే కారణం చెప్పారు: దేవుడి కోసం కట్టిన గుడిలో అసురులు చేరితే ఏం చేయాలి? 1955లోనే వెలువడిన భాషా రాష్ట్రాల పుస్తకంలో, ఆంధ్రలో భూమీ ఉద్యోగాలూ వ్యాపారమూ రెండు మూడు పెద్ద కులాల చేతిలో ఉన్నాయని, అంటరానివారు వారిమీద ఆధారపడి బతుకుతున్నారని పేర్లు పెట్టి రాశారు. భాషా రాష్ట్రాన్ని ఆయన వ్యతిరేకించలేదు. ఒక రాష్ట్రానికి ఒకే భాష ఉండాలన్నారు, ఒక భాషకు ఒకే రాష్ట్రం ఉండాలనలేదు. పెద్ద రాష్ట్రంలో చిన్న కులాలు మరింత నలిగిపోతాయని ఆయన ఆందోళన.

అదే పుస్తకంలో హైదరాబాదును దేశానికి రెండో రాజధానిగా చేయాలని ప్రతిపాదించారు. హైదరాబాదు, సికిందరాబాదు, బొల్లారంలను కలిపి కేంద్రపాలనలో ఉంచాలన్నది ఆయన సూచన. దక్షిణాదికి ఢిల్లీ దూరమన్న భావన తొలగుతుందని, రక్షణ దృష్ట్యా కూడా అది మేలని చెప్పారు. అంతకుముందు, 1953 జనవరిలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

తరువాతి కాలంలో

రాజ్యాంగ నైతికత అన్న భావన చాలాకాలం చర్చలకు దూరంగా ఉండి, 2009లో ఢిల్లీ హైకోర్టు నాజ్ ఫౌండేషన్ తీర్పుతో మళ్ళీ వెలుగులోకి వచ్చింది. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరాల జాబితా నుంచి తీసేసిన తీర్పులోనూ, శబరిమల తీర్పులోనూ దాన్ని ఆధారం చేసుకుంది. శబరిమల కేసులో భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ ఇందూ మల్హోత్రా, బహుళ విశ్వాసాల సమాజంలో ఎవరి ఆచారాన్ని వారు పాటించనివ్వడం కూడా రాజ్యాంగ నైతికతేనన్నారు. న్యాయమూర్తుల చేతిలో అది మెజారిటీ నీతికి ఎదురుగా పౌరుడి హక్కును నిలబెట్టే కొలమానమైంది. అంబేద్కర్ 1948లో దాన్ని ప్రస్తావించింది పాలకులు, ప్రతిపక్షం, అధికారులు తమకు తాము విధించుకోవలసిన క్రమశిక్షణ గురించి. ఈ రెండో అర్థంపై న్యాయశాస్త్ర విద్యార్థులు చూపిన శ్రద్ధ రాజకీయ పార్టీల్లో ఇంకా కనిపించలేదు.